పేపర్‌ని తలా ఇంత అని పంచి చూస్తే

మొన్న ల్యాబ్‌లో జూనియర్ ఒకమ్మాయి అడిగింది, "అక్కా, ఒక్కదాన్నే రాసుకుంటే మంచిదా, నలుగురితో కలిస్తే మంచిదా, ఎలా అయితే రీసెర్చ్ పేపర్లు ఎక్కువ వస్తాయి" అని. అప్పటికి ఏదో చెప్పా గానీ ఆ ప్రశ్న ఇంకా బుర్రలో తిరుగుతూనే ఉంది.

2005లో లీ, బోజ్‌మన్ అనే ఇద్దరు అమెరికా యూనివర్సిటీల రీసెర్చ్ సెంటర్లలో పనిచేసే 443 మంది సైంటిస్టుల మీద ఒక స్టడీ చేశారు. పేపర్లు ఊరికే లెక్కపెడితే కొలాబరేటర్లు, అంటే కలిసి పనిచేసేవాళ్ళు, ఎక్కువున్నవాళ్ళకి పేపర్లూ ఎక్కువే. అదే నలుగురు రాసిన పేపర్‌ని తలా పావు అని పంచి చూస్తే మాత్రం ఆ లాభం కనపడకుండా పోయింది. మన ప్రమోషన్లప్పుడు చాలాచోట్ల ఇలా తలా ఇంత అని పంచరు, ఎనిమిది మంది రాసింది ఎనిమిది సీవీల్లోనూ నిండు పేపరే, నాకు ఇది న్యాయంగా అనిపించదు.

సైటేషన్లు, అంటే ఒక పేపర్‌ని తర్వాత వచ్చే పేపర్లలో ప్రస్తావించడం, వాటి కథ వేరు. 2007లో సైన్స్ అనే జర్నల్‌లో వచ్చిన ఒక స్టడీ దాదాపు 2 కోట్ల పేపర్లు చూసి తేల్చిందేంటంటే టీమ్ రాసినవాటికే సగటున సైటేషన్లు ఎక్కువ. పదిమంది ఉంటే పదిచోట్ల దాని గురించి మాట్లాడతారు, తర్వాత పేపర్లలో తామే సైట్ చేసుకుంటారు, అదీ ఉంది. కానీ అదొక్కటే కాదని నా నమ్మకం. ఒకసారి మా మూడో డ్రాఫ్ట్‌లో ఒక కోఆథర్ గ్రాఫ్ మీద వేలు పెట్టి "ఈ ఒక్క చుక్క ఎందుకు పైకి పోయింది" అని అడిగారు, వెనక్కి వెళ్ళి నోట్‌బుక్ తీస్తే ఆ శాంపిల్ రీడింగ్ మైక్రోగ్రాముల్లో ఉంది, షీట్‌లో నేను మిల్లీగ్రాములని ఎక్కించా. నేను ఆ గ్రాఫ్‌ని నెల రోజులు చూశా, నాకు కనపడలేదు.

అలాగని మనుషుల్ని పెంచుకుంటూ పోవాలనీ కాదు. 2015లో హిగ్స్ బోసాన్ అనే అతిచిన్న కణం ద్రవ్యరాశి మీద వచ్చిన పేపర్‌కి 5,154 మంది రచయితలు, 33 పేజీల్లో విషయం 9 పేజీలే, మిగతావన్నీ పేర్లూ సంస్థలూ. ఆ పని అంతమంది లేనిదే జరగదు, ఒప్పుకుంటా. మామూలు ల్యాబ్ పేపర్‌కి అలా కాదు, ఒక్కరి కామెంట్ల కోసం ఆరు వారాలు ఆగిన రోజులున్నాయి. 2019లో నేచర్ అనే జర్నల్‌లో వచ్చిన ఇంకో స్టడీ ప్రకారం పెద్ద టీమ్‌లు ఉన్న ఐడియాలని ముందుకి తీసుకెళ్తాయి, కొత్త దారి వేసేది ఎక్కువగా చిన్న టీమ్‌లే.

అందుకే ఆ అమ్మాయికి మళ్ళీ ఫోన్ చేసి చెప్పా, డ్రాఫ్ట్ మొదలుపెట్టకముందే ఎవరు ఏం చేస్తారో ఒక పేజీ రాసి అందరికీ పంపు, పేరు పక్కన పని రాయలేకపోతే ఆ పేరు థాంక్స్ చెప్పేచోట పెట్టు అని.