‘ఫోన్’ అన్న ప్రతివాడూ స్పామరే: స్పామ్‌అసాసిన్ 4తో మూడు రాత్రులు

ఎట్టకేలకు పట్టుబడింది. రాత్రి ఒంటిగంటన్నరకి. తప్పు పూర్తిగా నాదే, అదీ చదరపు బ్రాకెట్ల దగ్గర.

పోయిన ఆదివారం మా ఇంటివాళ్ల మెయిల్ సర్వర్‌ని డెబియన్ (లినక్స్‌లో ఒక రకం) 11 నుంచి 12కి ఎక్కించాను. దాంతోపాటే స్పామ్‌అసాసిన్ (వచ్చిన మెయిల్‌కి రూల్స్ ప్రకారం మార్కులు వేసి స్పామ్‌ని పట్టే ఫిల్టర్) 3.4 పోయి 4.0 వచ్చింది. 2022 డిసెంబర్‌లోనే విడుదలైనదాన్ని ఇంత ఆలస్యంగా ముట్టుకోవడానికి కారణం బద్ధకమే. డీమార్క్ (పంపినవాడి డొమైన్ నిజమేనా అని చూసే పద్ధతి) ప్లగిన్ మొదటిసారికే పనిచేసింది. పొట్టి లింకుల్ని విప్పి అసలు చిరునామా చూసే ప్లగిన్ కూడా అంతే. వైట్‌లిస్ట్ (ఎప్పుడూ నమ్మాల్సిన చిరునామాల జాబితా) పేరు వెల్‌కమ్‌లిస్ట్ అయింది కానీ పాత పేరూ నడుస్తోంది కాబట్టి నా ఫైల్ ముట్టుకోలేదు.

నేను ఎదురుచూసింది వేరే దానికోసం. 4.0లో ఇంగ్లీషు కాని భాషల మీద గట్టిగా పనిచేశారు. మెయిల్ ఏ ఎన్‌కోడింగ్‌లో (అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి) వచ్చినా, అన్ని భాషలకీ సరిపోయే యూటీఎఫ్-8కి మార్చి రూల్స్‌కి అందించడం ఇప్పుడు మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. ఇంకేం, తెలుగులోనే రూల్ రాసేద్దామని కూర్చున్నా.

గురి ‘పర్సనల్ లోన్’ మెయిళ్లు. రెండు నెలలుగా దాచిన 40 నమూనాలున్నాయి. అన్నీ 2.8, 3.1 మార్కుల దగ్గర ఆగిపోయి, స్పామ్ అనిపించుకునే 5కి చేరకుండా ఇన్‌బాక్స్‌లోకి దర్జాగా వస్తున్నాయి. కొందరు ‘లోన్’ అంటారు, కొందరు ‘లొన్’, ఒకడైతే ‘ళోన్’ అని కూడా రాశాడు. అందుకని మొదటి అక్షరానికి ల, ళ ఒక చదరపు బ్రాకెట్లో, ఓత్వం, ఒత్వం ఇంకో చదరపు బ్రాకెట్లో పెట్టి, చివర ‘న్’ తగిలించాను. తగిలితే 2.5 మార్కులు. రూల్‌లో రాత తప్పులు చూసే లింట్ నోరెత్తలేదు.

40కి 0.

మొదటి అనుమానం డీమన్ (వెనక నడుస్తుండే ప్రోగ్రాం) మళ్లీ లోడ్ కాలేదేమోనని. అయింది. రెండోది, మెయిళ్లు వేరే ఎన్‌కోడింగ్‌లో ఉన్నాయేమోనని. నలభై హెడర్లూ తెరిచి చూశా, అన్నీ యూటీఎఫ్-8. మూడోది, నా ఎడిటర్ రూల్ ఫైల్‌ని వేరేగా సేవ్ చేసిందేమోనని. అదీ కాదు. మొదటి రాత్రి అలా గడిచింది.

రెండో రాత్రి బ్రాకెట్ల వెనక ఒక్కో కూడిక గుర్తు (‘ఒకటి గానీ, వరసగా ఎన్నైనా గానీ’ అని) పెట్టా, ఊరికే, చేతికొచ్చింది కాబట్టి. 40కి 37! ఎందుకు పనిచేసిందో అడక్కుండా పడుకున్నా. అదే కొంప ముంచింది.

పొద్దున్నే తెనాలి నుంచి బాబాయి ఫోన్. “ఏరా, గృహప్రవేశం పిలుపు మెయిల్ పెట్టి జవాబు కోసం చూస్తున్నా. నీకు తీరికే లేదా?” చూస్తే జంక్‌లో ఉంది, 5.2 మార్కులతో. అందులో లోన్ అనే మాటే లేదు. మరి రూల్ దేనికి తగిలిందని వెతికితే, కింద ‘ఫోన్:’ అని నంబరు ఇచ్చాడు. దానికి తగిలింది! మంచి మెయిళ్లు 60 తీసి పరీక్షిస్తే 22 పట్టుబడ్డాయి. సంతకం కింద ఫోన్ నంబరు ఇచ్చిన ప్రతివాడూ దొంగే.

మూడో రాత్రి బైట్లు విప్పి కాగితం మీద రాసుకుంటే అర్థమైంది. మెయిల్‌ని యూటీఎఫ్-8కి మార్చినా, రూల్ మాత్రం దాన్ని అక్షరాలుగా కాక బైట్లుగానే చూస్తుంది. ఇంగ్లీషు అక్షరం ఒక బైటు, మనవి ఒక్కోటి మూడు. గుణింతం గుర్తులు, పొల్లు కూడా విడివిడిగా మూడేసి.

ల అంటే 224, 176, 178.
ళ అంటే 224, 176, 179.
ఓత్వం 224, 177, 139.
ఒత్వం 224, 177, 138.

చదరపు బ్రాకెట్ అంటే ‘వీటిలో ఏదో ఒక్కటి’ అని కదా, నా ఉద్దేశంలో ఒక్క అక్షరం, దాని లెక్కలో ఒక్క బైటు. రెండు బ్రాకెట్లకి రెండు బైట్లు సరిపెట్టి వెంటనే ‘న్’ కోసం చూస్తోంది. లోన్‌లో ‘న్’కి ముందున్న రెండు బైట్లు 177, 139. మొదటి బ్రాకెట్లో 177 లేదు. అందుకే సున్నా. కూడిక పెట్టాక, ఓత్వం మొదటి బైటు 224ని ల, ళ బ్రాకెట్ మింగింది (దానిలోనూ 224 ఉంది మరి), మిగిలిన 177, 139ని రెండో బ్రాకెట్ మింగింది. అంటే ముందు ‘ల’ ఉందా ‘ఫ’ ఉందా అన్నది అది చూడనే లేదు. లోన్, ఫోన్, జోన్, డ్రోన్ అన్నీ దానికి ఒకటే.

మందు తేలికే. చదరపు బ్రాకెట్లు తీసేసి గుండ్రటి బ్రాకెట్లో నిలువు గీతతో ‘ల లేదా ళ’, ‘ఓత్వం లేదా ఒత్వం’ అని రాయాలి. నా బ్యాంకు హోమ్ లోన్ స్టేట్‌మెంట్ కూడా అందులో పడకూడదని ముందు ‘పర్సనల్’ కూడా చేర్చాను. మంచి మెయిళ్లు 60కి 0. స్పామ్ మాత్రం 37 నుంచి 26కి దిగింది.

ఆ తప్పించుకున్న 11 మెయిళ్లే అసలు పాఠం చెప్పాయి. తెర మీద పక్కపక్కన పెట్టి చూస్తే ఆ 26కీ వీటికీ వెంట్రుకంత తేడా లేదు. బైట్లలో మాత్రం ‘పర్సనల్’ చివరి పొల్లు తర్వాత, ఖాళీకి ముందు, 226, 128, 140. జీరో విడ్త్ నాన్ జాయినర్! పొల్లు తర్వాతి అక్షరం ఒత్తుగా మారిపోకుండా ఆపే కనపడని గుర్తు. కొన్ని కీబోర్డులు అవసరం ఉన్నా లేకున్నా పొల్లు వెనక దాన్ని వదులుతుంటాయి. అది ‘ఉండొచ్చు, లేకపోవచ్చు’ అని రూల్‌లో చేర్చగానే 37. మిగిలిన మూడింట్లో ఒకడు ‘లో న్’ అని విడగొట్టాడు, రెండు ఉత్త బొమ్మలు.

ఇంగ్లీషు మెయిల్లో మాట మధ్య ఈ గుర్తు కనబడితే ఫిల్టర్‌ని ఏమార్చే ఎత్తు అనుకోవడం న్యాయమే. తెలుగులో అది మర్యాదగా రాసేవాళ్ల అలవాటు. కనపడని గుర్తు ఉందని మార్కులు వేసే రూల్ పెట్టుకుంటే, శ్రద్ధగా టైప్ చేసేవాళ్లే ముందు జంక్‌లో పడతారు.

ఆర్‌స్పామ్‌డీ అనే ఇంకో ఫిల్టర్‌కి మారిపోవచ్చు కదా అని మీరు అడుగుతారని తెలుసు. వేగం ఎక్కువే, రూల్‌ని యూటీఎఫ్-8 అక్షరాల లెక్కన చూడమని చెప్పే గుర్తు కూడా అందులో ఉంది. కానీ నాది 1 జీబీ మెమరీ ఉన్న అద్దె సర్వర్, ఆర్‌స్పామ్‌డీ వెనక రెడిస్ అనే డేటాబేస్‌ని మోయడం నాకిష్టం లేదు. ఉత్త టెక్స్ట్ ఫైల్‌లో రూల్ రాసుకుని, ఎందుకు తగిలిందో హెడర్‌లో చదువుకునే సుఖం నాకు స్పామ్‌అసాసిన్‌లోనే దొరుకుతోంది.

ఆ రెండు బొమ్మల కోసం ఎక్స్‌ట్రాక్ట్‌టెక్స్ట్ ప్లగిన్ ఉంది. జత చేసిన పీడీఎఫ్‌లూ బొమ్మల్లోంచి అక్షరాలు లాగి రూల్స్‌కి ఇస్తుంది. బొమ్మల్లో అక్షరాలు చదివే టెసరాక్ట్‌కి తెలుగు ప్యాకేజీ వేసి చేత్తో నడిపి చూశా, ఒక్కో బొమ్మకి 7 సెకన్లు, ‘వడ్డీ’ని ‘వద్దీ’ అని చదివింది. పెద్ద బొమ్మల్ని వదిలేసేలా ఏదైనా హద్దు పెట్టాలి.

దానికన్నా ముందు ‘ఆన్‌లైన్ జాబ్’ రూల్ రాయాలి. ఆన్ తర్వాత ఆ కనపడని గుర్తు ఒకటి, తర్వాత ‘లై’. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం కింద ఐత్వపు గుర్తు చేర్చి రెండుగానూ రాయొచ్చు. చూడ్డానికి ఒకటే, బైట్లు మూడా ఆరా అన్నదే తేడా. శనివారం రాత్రి పెట్టుకున్నా. ఈసారి మంచి మెయిళ్ల మీద ముందు నడిపాకే పడుకుంటా, బాబాయికి మాటిచ్చాను.