ఎన్‌కోర్ ఫ్రేము పోతే ఏం చెయ్యాలి?

మా ఇంట్లో తుపాకీ ఒకటే, బారెళ్లు మాత్రం మూడు. ఒకటి షాట్‌గన్‌లా ఒకే పెద్ద గుండు కాల్చే 20 గేజ్ స్లగ్ బారెల్, ఒకటి .45-70 రైఫిల్ బారెల్, ఇంకోటి మూతి నుంచి మందు దట్టించే .50 మజిల్‌లోడర్ బారెల్. ముందు చెక్కకున్న స్క్రూలు విప్పి, బారెల్‌ని పట్టి ఉంచే హింజ్ పిన్ను తట్టి బయటికి తీసి, ఒక బారెల్ పక్కన పెట్టి ఇంకోటి ఫ్రేముకి, అంటే ట్రిగ్గర్ ఉండే మధ్య భాగానికి, బిగించుకోవడమే. థాంప్సన్ సెంటర్ కంపెనీ చేసిన ఎన్‌కోర్ ఇది. ఒకసారి ఒకే తూటా పడుతుంది, మళ్లీ కాల్చాలంటే మధ్యకి విరిచి ఇంకోటి పెట్టుకోవాలి.

ఇండియాలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం కాబట్టి అక్కడివాళ్లకి ఇది వింతగా ఉండొచ్చు. నేనుండే అమెరికాలోని ఒహాయోలో జింకల వేటకి రాష్ట్రమే లైసెన్సు ఇస్తుంది, కానీ నియమాలు గట్టివి. థాంక్స్‌గివింగ్ తర్వాత సోమవారం మొదలయ్యే గన్ సీజన్‌లో మామూలు రైఫిళ్లు తీసుకెళ్లనివ్వరు. చాలా ఏళ్లు షాట్‌గన్, మజిల్‌లోడర్‌లతోనే సరిపెట్టుకున్నారు. 2014 నుంచి, మెడ దగ్గర సన్నబడకుండా నిలువునా ఒకే తీరుగా ఉండే తూటాల రైఫిళ్లకి అనుమతి ఇచ్చారు. అప్పుడు తెలిసినవాళ్లంతా కొత్త తుపాకీ కొంటుంటే నేను ఒక బారెల్ కొనుక్కుని ఊరుకున్నాను. మళ్లీ జనవరి మొదట్లో మజిల్‌లోడర్ సీజన్‌కి ఇంకో బారెల్. అదే ఫ్రేము, అదే ట్రిగ్గర్, చేతికి అలవాటైన అదే బరువు.

చిక్కంతా ఆ ఫ్రేముతోనే ఉంది. అమెరికా ఫెడరల్ చట్టం లెక్కలో సీరియల్ నంబరున్న ఫ్రేమే తుపాకీ, బారెల్ ఒక విడిభాగం మాత్రమే. అందుకే బారెల్ నేరుగా ఇంటికే పార్సిల్లో వస్తుంది. ఎన్‌కోర్‌కి బారెళ్లు చేసే చిన్న షాపులు వేరే చాలా ఉన్నాయి, కానీ ఫ్రేము మాత్రం ఆ కంపెనీయే చెయ్యాలి. అది పోయిందంటే నా మూడు బారెళ్లూ మూడు ఇనుప గొట్టాలే.

2021 మే నెలలో ఒక ఫ్రెండు వాట్సాప్‌లో వార్త పంపి "అన్నా, నీ తుపాకీ కంపెనీ అమ్మకానికి పెట్టేశారంట, చూశావా?" అన్నాడు. చదివాక ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. స్మిత్ అండ్ వెస్సన్ అనే పెద్ద తుపాకీల కంపెనీ 2007లో ఈ కంపెనీని 102 మిలియన్ డాలర్లకి కొని, తర్వాత న్యూ హాంప్‌షైర్‌లోని రాచెస్టర్ నుంచి తయారీని మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కి తరలించింది. ఇప్పుడేమో సొంత బ్రాండు మీదే దృష్టి పెడతామని, థాంప్సన్ సెంటర్‌ని ఎవరికైనా అమ్మేస్తామని, తయారీ ఆపేస్తున్నామని చెప్పారు. నాకు కష్టంగా అనిపించింది ఏంటంటే, అది నష్టాల్లో మునిగి తీసుకున్న నిర్ణయం కాదు. ఆ ఆర్థిక సంవత్సరంలో వాళ్ల అమ్మకాలు బిలియన్ డాలర్లు దాటాయి. మా లాంటి కొద్దిమంది కోసం మిషన్లు నడపడం కంటే అందరూ కొనే పిస్టళ్లు చేసుకోవడం వాళ్లకి లాభం, అంతే. వ్యాపారంగా అది అర్థమవుతుంది. కానీ బ్రాండు కొన్నప్పుడు దాన్ని నమ్మి ఉన్న జనాన్ని కూడా కలిపే కొన్నారు కదా.

కస్టమర్ సర్వీసు కొనసాగుతుంది, లైఫ్‌టైమ్ వారంటీని గౌరవిస్తాం అని కూడా అదే ప్రకటనలో ఉంది. ఆ ఒక్క వాక్యం ఎన్నిసార్లు చదివానో. లైఫ్‌టైమ్ అంటే ఎవరి లైఫ్? నాదా, తుపాకీదా, కంపెనీదా? విడిభాగాలు అయిపోయాక వారంటీ ఉండి ఏం లాభం?

ఈ భయం ఊరికే పుట్టలేదు. ముందు ఏడాదే, 2020లో, రెమింగ్టన్ అనే ఇంకో పాత తుపాకీల కంపెనీ దివాలా తీసి ముక్కలు ముక్కలుగా వేలంలో పోయింది. దాని కిందున్న మార్లిన్ తుపాకీల బ్రాండుని రూగర్ కంపెనీ కొంది, తూటాల వ్యాపారాన్ని విస్టా కంపెనీ కొంది, రెమింగ్టన్ తుపాకీల భాగం ఇంకొకరికి వెళ్లింది. కొన్నవాళ్లకి పేరూ మిషన్లూ దక్కాయి, పాత కస్టమర్ల బాధ్యత మాత్రం రాలేదు. రెమింగ్టన్ చేతిలో ఉన్నప్పుడు తయారైన మార్లిన్‌లని తాము రిపేరు చెయ్యలేమని రూగర్ నేరుగానే చెప్పింది. అది చూశాక ఎవరికి ధైర్యం ఉంటుంది? నయమేంటంటే మా విషయంలో యజమాని దివాలా తియ్యలేదు, ఫోన్ చేస్తే ఎత్తడానికి ఒక కంపెనీ మిగిలి ఉంది.

అయినా టెన్షన్ ఆగక విడిభాగాల వేటలో పడ్డాను. ఫైరింగ్ పిన్ను, స్ప్రింగులు, హింజ్ పిన్నులు రెండు, మజిల్‌లోడర్ బారెల్‌ని వెనకవైపు మూసే మర బిరడాలు, అంటే బ్రీచ్ ప్లగ్గులు, మూడు. అందరికీ ఇదే ఆలోచన వచ్చినట్టుంది, చూస్తుండగానే సరుకు ఖాళీ అయిపోయి, ఉన్నచోట రేట్లు రెట్టింపు అయ్యాయి. ఇంకో బారెల్ కోసం ఒక షాపుకి ముందే డబ్బు కట్టాను. వచ్చే వారం, వచ్చే నెల అంటూ నాలుగు నెలలు తిప్పి చివరికి సరుకు లేదని డబ్బు వెనక్కిచ్చారు. రాదని వాళ్లకి మొదటి వారమే తెలిసి ఉండాలి. చెప్పి ఉంటే వేరేచోట చూసుకునేవాణ్ని కదా! మా ఫ్రెండైతే "ఇప్పుడే అమ్మేయ్ అన్నా, మంచి రేటు వస్తోంది" అన్నాడు. అమ్మాలనిపించలేదు.

మా నాన్న హెచ్‌ఎంటీ వాచీ గుర్తొచ్చింది. 2016లో ఆ వాచీల కంపెనీ మూసేస్తున్నారని తెలిసినప్పుడు ఆయన ఏమీ కంగారు పడలేదు, కోఠీలో బాగుచేసేవాడు ఉన్నాడులే అన్నారు. వాచీ పాడైతే ఆగిపోతుంది, అంతకుమించి ఏమీ కాదు. ఇది అలా కాదు. బ్రీచ్ ప్లగ్ మర దెబ్బతిని పేలుడు గ్యాసు వెనక్కి తన్నితే అక్కడ ఉండేది నా ముఖం. సరైన కొలతల విడిభాగం దొరకనప్పుడు ఏదో ఒకటి సర్దుకుందాం అనే మాట తుపాకీ దగ్గర పనికిరాదు. అందుకే తయారీ ఆపే కంపెనీ మొదటి రోజే చెప్పాల్సినవి ఉన్నాయి. ఫ్రేములు ఎన్ని పక్కన పెట్టారు, విడిభాగాలు ఏ ఏడాది దాకా ఇస్తారు, ఫ్రేము పగిలితే బదులు ఏమిస్తారు. ఇంకో మోడల్ తుపాకీ చేతిలో పెడితే నా బారెళ్లు దానికి ఎక్కవు.

ఈ కంపెనీ మీద జనానికి అంత నమ్మకం ఎందుకంటే దానికో చరిత్ర ఉంది. వారెన్ సెంటర్ అనే తుపాకీల పనివాడు ఒక టూల్ కంపెనీతో చేతులు కలిపితే 1967లో కంటెండర్ పిస్టల్ వచ్చింది, బారెళ్లు మార్చుకోవడం అక్కడే మొదలు. దానికి పొడుగు బారెల్, భుజానికి ఆనించే చెక్క కలిపి కిట్‌గా అమ్మితే, పొట్టి రైఫిల్‌గా కూడా మార్చొచ్చు కాబట్టి 200 డాలర్ల పన్ను కట్టాలంది ప్రభుత్వం. కంపెనీ ఒక్కదానికి కట్టి, వాపసు ఇమ్మని కోర్టుకెక్కి, 1992లో సుప్రీంకోర్టులో 5-4 తేడాతో గెలిచింది. బారెళ్లు మార్చుకునే మా పద్ధతి కోసం అంత దూరం వెళ్లిన కంపెనీ అది.

2024లో గ్రెగ్ రిట్జ్ ఆ బ్రాండుని స్మిత్ అండ్ వెస్సన్ నుంచి కొన్నాడు. 2007కి ముందు ఆ కంపెనీని నడిపినవాడే కాబట్టి వార్త చూడగానే గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆయన నుంచి నాకు కొత్త మోడళ్లు అక్కర్లేదు, పాత బారెళ్లకి సరిపోయే ఫ్రేము ఎప్పుడూ షాపులో దొరికితే చాలు.

విడిభాగాల డబ్బా ఇప్పటికీ బేస్‌మెంట్ అలమారలోనే ఉంది. మూడు బ్రీచ్ ప్లగ్గుల్లో ఒకటి వాడేశాను, ఇంకా రెండున్నాయి.