డెలానోలో మునగచెట్టు

కాలిఫోర్నియాలో శాన్ హోసే నుంచి డెలానోకి నాలుగు గంటలు పట్టింది. 152 హైవే మీద పచేకో కనుమ దాటి చౌచిల్లా దగ్గర 99 హైవే ఎక్కేసరికే ఎండ మండిపోతోంది. సెప్టెంబరు అని పేరే గానీ మన ఏప్రిల్‌లా ఉంది. దారిలో ఒక దుకాణంలో రెండు కాఫీలకూ ఒక డబ్బా ద్రాక్షకూ కలిపి పద్దెనిమిది డాలర్లు తీసుకున్నారు. చుట్టూ కనుచూపు మేరా ద్రాక్షతోటలే, అయినా ఆ ధర. నాకు ఒళ్లు మండింది. మనాంగ్ మాత్రం, "అందులో కోసినవాళ్ల చేతికి ఎంత వెళ్లిందో అది అడుగు" అంది.

మనాంగ్ అంటే ఫిలిప్పీన్స్‌లోని ఇలోకానో భాషలో అక్క. నేను పనిచేసే ఆసుపత్రిలోనే ఆమె నర్సు, నాకన్నా పన్నెండేళ్లు పెద్ద. నన్ను "అడింగ్" అంటుంది. చెల్లికైనా తమ్ముడికైనా వాళ్లకు అదే మాట. నైట్ డ్యూటీలో రెండింటికి టిఫిన్ డబ్బా తెరుస్తూ "నంగాన్ కన్?" అని అడిగేది. తిన్నావా అని. ఈ దేశం వచ్చాక ఇంటివాళ్లు కాకుండా నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమే. మా స్నేహం ఆ డబ్బా దగ్గరే మొదలైంది.

డెలానోలో ఆమెకు చూపించాలని ఉన్నది ఫిలిప్పీనో కమ్యూనిటీ హాల్. చెప్పకుండా వెళ్లాం, తాళం వేసి ఉంది. గ్లెన్‌వుడ్ వీధిలో మామూలు హాలు. మన ఊళ్లో పెళ్లిళ్లకు ఇచ్చే కమ్యూనిటీ హాలు కన్నా పెద్దదేమీ కాదు. 1965 సెప్టెంబరు 7 రాత్రి ఫిలిప్పీనో ద్రాక్ష కూలీలు ఇక్కడే కూర్చుని సమ్మెకు ఓటేశారు, మర్నాడు పొద్దున తోటల్లో పని ఆపేశారు. అడిగింది గంటకు డాలరు నలభై సెంట్లు, ఎత్తిన పెట్టెకు పాతిక సెంట్లు. ముందుండి నడిపింది లారీ ఇట్లియాంగ్. చిన్నప్పుడే వచ్చి, అలాస్కాలో పనిచేస్తూ మూడు వేళ్లు పోగొట్టుకున్న మనిషి.

ఆ సమ్మె గురించి నాకు తెలిసినదల్లా సీజర్ చావెజ్ పేరు. ఆయన పేరుతో వీధులు చూశాను, బడులు చూశాను. ఆయన నడిపిన మెక్సికన్ కూలీల సంఘం సమ్మెలో కలిసింది ఎనిమిది రోజుల తర్వాత, సెప్టెంబరు 16న. ముందు ఆపింది ఫిలిప్పీనోలు. ఇన్నేళ్లు కాలిఫోర్నియాలో ఉండి ఈ సంగతి నాకెవరూ ఎందుకు చెప్పలేదని ఆ తాళం ముందు నిలబడి కోపం వచ్చింది. నేనూ అడగలేదు, అది వేరే బాధ.

మధ్యాహ్నం మనాంగ్ పెద్దమ్మ వరసయ్యే ఆమె ఇంటికి వెళ్లాం. లోలా అనే పిలిచాను, నాయనమ్మ అన్నట్టు. డెబ్బై దాటాయి. గుమ్మంలో నా పేరు కూడా అడగకుండా "మంగాన్ తాయోన్!" అంది. తిందాం రండి. పెరట్లోకి తీసుకెళ్లి ఒక చెట్టు కింద ఆగి కొమ్మ వంచింది. మునగచెట్టు! "మరుంగ్గాయ్" అంది లోలా. "మునగ" అన్నాను నేను. ఇద్దరం ఆకు దూస్తూ అదే మాటను అటూ ఇటూ తిప్పి చాలాసేపు నవ్వుకున్నాం.

ఆ ఆకును అల్లం వేసి ఉడికించిన కోడి పులుసులో వేసింది. పక్కన పినక్‌బెత్: కాకర, వంకాయ, బెండ, గుమ్మడి, అందులో పులియబెట్టిన చేపల బగోంగ్. ఆ వాసన మొదట ముక్కుకు తగిలింది, తర్వాత మా ఇంట్లో ఎండుచేపలు వేయించిన రోజులు గుర్తొచ్చాయి. చింతపండుతో చేపల చారు వేరే. అన్నం చేత్తోనే తిన్నాం. నేను కలుపుకునే తీరు చూసి లోలా, "మీవాళ్లూ ఇంతేనా!" అని మరో గరిటె వడ్డించింది.

తింటూనే చెప్పింది. వాళ్ల నాన్న 1929లో పడవ దిగాడు. స్టాక్‌టన్‌లో ఆస్పరాగస్, సాలినాస్‌లో లెట్యూస్, ఎండాకాలం అలాస్కాలో చేపలు డబ్బాల్లో నింపే క్యానరీ, ఇక్కడ ద్రాక్ష. తెల్లజాతి ఆడవాళ్లను పెళ్లాడటం అప్పట్లో చట్టం ఒప్పేది కాదు, వాళ్లవైపు నుంచి వచ్చిన ఆడవాళ్లు చాలా కొద్దిమంది. అందుకే ఎంతోమంది ఒంటరిగానే ముసలివాళ్లయ్యారు. వాళ్లను అందరూ మనోంగ్ అనేవారు, అంటే అన్న. లోలా నాన్న యుద్ధంలో అమెరికా సైన్యంలో చేరి, ఫిలిప్పీన్స్ వెళ్లినప్పుడు పెళ్లి చేసుకుని భార్యను తెచ్చుకున్నాడు. 1946లో వాళ్లకు పౌరసత్వపు హక్కు ఇచ్చిన చట్టమే మన భారతీయులకూ ఇచ్చింది. వలస రావడానికి ఇద్దరికీ ఏడాదికి వందేసి మంది కోటా. ఆ మాట లోలాకు నేను చెప్పాను.

సమ్మె మొదలయ్యాక యజమానులు తోటల్లోని క్యాంపుల్లో నీళ్లు, గ్యాసు, కరెంటు ఆపేశారు. వయసు మళ్లిన మనోంగ్‌లను సామాన్లతో సహా బయటికి నెట్టారు. అప్పుడు హాలు వంటిల్లు అయింది. లోలాకు పదమూడేళ్లు, బడి అయ్యాక వచ్చి వెల్లుల్లి వొలిచేదట. మెక్సికన్ కుటుంబాలు కూడా అక్కడే తినేవి. "మొదట్లో వాళ్లో బల్ల, మేమో బల్ల. కాకరకాయ చూసి మొహం తిప్పుకునేవాళ్లు. తర్వాత మా కూరని టోర్టియాలో చుట్టుకుని తినడం మొదలెట్టారు" అంది. అయిదేళ్లు, 1970 జులైలో యజమానులు సంతకాలు పెట్టేదాకా.

నేను మా తాత గురించి చెప్పాను. పాలమూరు లేబర్. అదే 1965లో గుంపు మేస్త్రీ వెంట వెళ్లి నాగార్జునసాగర్ కట్ట మీద రాళ్లు మోసేవాడు. లోలా శ్రద్ధగా విని ఒకే ఒక్కటి అడిగింది: "అక్కడ వంట ఎవరు చేసేవారు?"

నాకు తెలియదు. కూలి ఎంతో, ఎన్నేళ్లు చేశాడో కూడా తెలుసు గానీ అది ఎప్పుడూ అడగలేదు.

సాయంత్రం కూలీల సంఘం స్థలమైన ఫార్టీ ఏకర్స్‌లో అగ్బయానీ విలేజ్ చూశాం. రిటైరైన మనోంగ్‌ల కోసం 1974లో కట్టిన ఇళ్లు. పికెటింగ్‌లో గుండె ఆగి పోయిన కూలీ పేరు పెట్టారు. ఎక్కువసేపు ఉండలేదు, చీకటి పడుతోంది.

మడేరా దాటాక నాన్నకు ఫోన్ చేశాను. అక్కడ పొద్దున.

"వంటకు ఎవరుంటరు బిడ్డా? మీ నాయనమ్మనే. నలభై మందికి. మూడు రాళ్లు పెట్టి, పొద్దుగాల జొన్నరొట్టెలు, రాత్రికి సంకటి. నేను ఆమె కొంగు పట్టుకునే ఉంటుంటి."

స్పీకర్‌లో పెట్టాను. ఏమంటున్నారని మనాంగ్ అడిగింది. చెప్పేలోపే నాన్న, "ఆ పక్కనెవరు? ఇద్దరూ తిన్నరా?" అన్నాడు.

ఆ ఒక్క మాటా ఆమెకు అనువాదం అక్కర్లేకుండానే అర్థమైనట్టుంది. స్టీరింగ్ మీది చెయ్యి తీయకుండానే, "తిన్నాం నాన్నా" అని నేర్చుకున్న తెలుగులో గట్టిగా అరిచింది.