కల్పెపర్ ఎర్రమన్నులో ఒక సీసపు తూటా

మార్చిలో ఒక శనివారం ఇంకా చీకటి ఉండగానే ఫెయిర్‌ఫాక్స్‌లోని మా ఇంటి నుంచి బయలుదేరాము. 29వ నంబరు రహదారి మీద వారెంటన్ దాటి, రెమింగ్టన్ దగ్గర రాపహానక్ నది వంతెన ఎక్కేసరికి తూర్పు తెల్లబడింది. బండి నడుపుతున్నది మా పక్కింటి పెద్దాయన. ఆయన ముప్పై ఏళ్లుగా మెటల్ డిటెక్టర్ పట్టుకుని అమెరికాలోని ఈ వర్జీనియా రాష్ట్రపు పొలాల్లో, 1861-65లో ఉత్తరాది దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధం నాటి వస్తువుల కోసం వెతుకుతున్నారు. నేను ఆయన వెంట తిరగడం మొదలుపెట్టి మూడేళ్లవుతోంది. ఆ వంతెన దాటగానే కల్పెపర్ కౌంటీ వస్తుంది. 1863 జూన్ 9న ఇక్కడి బ్రాండీ స్టేషన్ చుట్టుపక్కల సుమారు ఇరవై వేల మంది తలపడ్డారు. అమెరికా గడ్డ మీద జరిగిన అశ్వికదళ యుద్ధాల్లో అదే అతి పెద్దదని చెబుతారు. అయితే మేము వెళ్తున్నది ఆ పోరు జరిగిన మిట్టల మీదికి కాదు, ఆ తరువాతి చలికాలంలో సైన్యం విడిది చేసిన పొలాలకు.

యుద్ధం ఒకటి రెండు రోజుల్లో ముగుస్తుంది గానీ విడిది నెలల తరబడి సాగుతుంది. 1863 డిసెంబరు నుంచి 1864 మే మొదటి వారం వరకు ఉత్తరాది పక్షానికి చెందిన పోటోమాక్ సైన్యం, లక్ష మందికి పైగా, ఈ కౌంటీలోనే చలికాలం గడిపింది. చుట్టుపక్కల అడవినంతా నరికి, దుంగలతో గోడలు పేర్చి, పైన గుడారపు గుడ్డ కప్పి, మట్టితో పొగగొట్టాలు కట్టుకుని, నలుగురేసి చొప్పున ఆ గుడిసెల్లో కాపురం పెట్టారు. మే 4న రాపిడాన్ నది దాటి వైల్డర్‌నెస్ అడవుల్లోకి వెళ్లినవారిలో ఎందరో తిరిగి రాలేదు. వారు ఆ ఐదు నెలల్లో జారవిడిచినవి, తెగిపడినవి, బరువని పారేసినవి ఇప్పటికీ జానెడు లోతులో ఉన్నాయి.

ఈ పనిలో అన్నిటికన్నా ముందు రావలసింది అనుమతి. జాతీయ ఉద్యానవనాల సంస్థ అధీనంలో ఉన్న యుద్ధభూముల్లో డిటెక్టర్ వాడడమే నేరం. అక్కడ వస్తువులు తవ్వి తీసుకెళ్తే 1979 నాటి పురావస్తు వనరుల చట్టం కింద జైలు శిక్ష కూడా పడవచ్చు. అందువల్ల మేము సొంతదారు ఒప్పుకున్న ప్రైవేటు పొలాల్లోనే అడుగుపెడతాము. ఆ రోజు వెళ్లిన పొలం ఎనభై ఏళ్లకు దగ్గరపడిన ఒక ముసలమ్మగారిది. ఆమె మమ్మల్ని వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి మూడు షరతులు పెట్టారు. తవ్విన ప్రతి గొయ్యీ పూడ్చాలి, వాగు పక్కనున్న పాత సమాధుల జోలికి పోకూడదు, ఏది దొరికినా ముందు ఆమెకు చూపించాలి. మూడోది చెప్పేటప్పుడు ఆమె గొంతు కాస్త గట్టిపడింది. ఒకప్పుడు రాత్రిపూట ఎవరో దొంగతనంగా వచ్చి పొలమంతా గుంటలు చేసి పోయారట.

మొక్కజొన్న కోసిన మోళ్ల మధ్య నడవడం మొదలుపెట్టాము. ఆ ఎర్రమన్ను చూస్తే నాకు మా గొల్లప్రోలు మెట్ట చేలే గుర్తుకొస్తాయి. ఈ ఎరుపుకు కారణమైన ఇనుమే డిటెక్టర్‌కు పెద్ద అడ్డంకి. యంత్రం అడుగున ఉన్న తీగచుట్టలో విద్యుత్తు పారుతూ చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రం తగిలిన లోహంలో చిన్న చిన్న సుడి ప్రవాహాలు లేస్తాయి, వాటి స్పందనను యంత్రం పట్టుకుని చెవిలో మోగిస్తుంది. మట్టిలోనే ఇనుప ఖనిజం నిండి ఉంటే నేల మొత్తం సన్నగా రొద చేస్తూనే ఉంటుంది, దాని కింద తూటా చప్పుడు మునిగిపోతుంది. కల్పెపర్‌లో మామూలు డిటెక్టర్లు సగం లోతుకైనా చూడలేవని మా పెద్దాయన అంటారు. అందుకే ఆయన ఆగి ఆగి విద్యుత్తును వదిలే రకం యంత్రం వాడతారు. అది లోతుకు చూస్తుంది గానీ మేకుకూ తూటాకూ తేడా అంత బాగా చెప్పలేదు.

ఈ యంత్రపు పూర్వరూపాల్లో ఒకటి వెతికింది కూడా తూటా కోసమే. 1881 జూలై 2న వాషింగ్టన్ రైల్వే స్టేషన్‌లో అధ్యక్షుడు గార్ఫీల్డ్ మీద కాల్పులు జరిగినప్పుడు, ఆయన ఒంట్లో మిగిలిపోయిన తూటా ఎక్కడుందో కనిపెట్టడానికి టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్ తన పరికరం పట్టుకుని వెళ్లారు. పరుపులో ఉన్న ఉక్కు స్ప్రింగులు లెక్కను చెడగొట్టాయి. సెప్టెంబరు 19న గార్ఫీల్డ్ మరణించారు. ఆయన ఇదే అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షాన సేనానిగా పోరాడినవారు.

మొదటి గంటన్నరలో నాకు దొరికినవి ఐదు చదరపు మేకులు, ఒక గుర్రపు నాడా ముక్క, ఒక ట్రాక్టరు బోల్టు. వాటిని కూడా సంచిలో వేసుకున్నాను. ఇనుప మేకులు గుంపుగా దొరికాయంటే అక్కడ గుడిసె ఉండేదని ఆనవాలు. ఆ తరువాత వాగు వైపు దిగే ఏటవాలులో చెవిలో గుండ్రంగా, మెత్తగా ఒక మోత వినిపించింది. ఎటు నుంచి ఊపినా మోత మారలేదు. పారతో పచ్చికను మూడు వైపులా కోసి మూతలా పక్కకు తిప్పాను. మట్టిని చేతితో పిండుతూ పోగా ఎనిమిది అంగుళాల లోతున అది బయటపడింది.

దాన్ని నీళ్లతో కడగకుండా, వేలితో మట్టి మాత్రమే తుడిచి చూశాను. అంగుళం ఎత్తున్న సీసపు తూటా, కొస మొద్దుగా, కింద మూడు గాళ్లు, అడుగున బోలుగా శంకువు ఆకారంలో గుంట. ఒళ్లంతా విబూది పూసినట్టు తెల్లటి పొర. సీసం నూట అరవై ఏళ్లు మట్టిలో ఉంటే పట్టే పొర అది, దాన్ని గోకకూడదు. దీన్ని ఇక్కడివారు మినీ బాల్ అంటారు. ఫ్రెంచి సైన్యాధికారి క్లోద్ మిన్యే రూపొందించిన తూటాను అమెరికా ఆయుధ కర్మాగారంలో కొద్దిగా మార్చి చేశారు. తుపాకీ పేలినప్పుడు ఆ బోలు గుంటలోకి వాయువు చొరబడి సీసపు అంచును విప్పార్చి గొట్టంలోని మెలికల గాళ్లకు పట్టిస్తుంది. అలా గిర్రున తిరుగుతూ వెళ్లడం వల్లే పాత గుండ్ల కన్నా చాలా దూరం సూటిగా వెళ్లేది, తగిలిన చోట ఎముకను పిండి చేసేది. ఈ తూటా మీద మెలికల గీతలు లేవు, కొస నలగలేదు. అంటే దీన్ని ఎవరూ పేల్చలేదు. గడ్డకట్టిన వేళ్లతో, తూటానూ మందునూ కలిపి చుట్టిన కాగితపు తోటాను పళ్లతో చింపబోతుంటే జారి బురదలో పడిందో, తోటాల సంచిలోంచే జారిపోయిందో తెలియదు గానీ, దీనివల్ల ఎవరి ప్రాణమూ పోలేదు. ఆ ఆలోచనతో నేను చాలాసేపు ఆ గొయ్యి పక్కనే కూర్చున్నాను.

పళ్లతో చింపడం అంటే మన పాఠకులకు 1857 గుర్తుకు రావడం సహజం. ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న మాట మీద సిపాయిలు ముట్టబోమన్న తోటాలు ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌వి. నాలుగేళ్లు తిరిగాక ఈ అంతర్యుద్ధంలో అదే ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లను ఇంగ్లండు నుంచి ఉత్తరాదివారూ దక్షిణాదివారూ లక్షల్లో తెప్పించుకున్నారు. మధ్యాహ్నం మా పెద్దాయనకు గాళ్లు లేని నున్నటి ఎన్‌ఫీల్డ్ తూటా దొరికినప్పుడు నేను ఆయనకు మీరట్ కథ చెప్పాను. ఆయన పార పక్కన పెట్టి చివరిదాకా విన్నారు.

ఆ రోజు దొరికిన వాటిలో ముసలమ్మగారు ఎక్కువసేపు చేతిలో ఉంచుకున్నది మాత్రం ఒక ఇత్తడి గుండీ. రూపాయి బిళ్ల కన్నా కొంచెం చిన్నది, చిలుము పట్టి పచ్చగా ఉంది, ముందు వైపు రెక్కలు విప్పిన గద్ద, గద్ద రొమ్ము మీద డాలు. అధికారుల గుండీ అయితే ఆ డాలులో పదాతి, అశ్విక, ఫిరంగి దళాలను సూచించే అక్షరం ఉంటుంది. దీని మీద అక్షరం లేదు, అంటే ఇది మామూలు సిపాయి కోటుది. వెనుక కొక్కెం వంగిపోయి ఉంది. మూడేళ్ల కిందట నాకు మొదటిసారి ఇలాంటి గుండీ దొరికినప్పుడు ఇంటికి తీసుకెళ్లి బ్రష్షుతో రుద్ది రుద్ది మెరిపించాను. ఆ మెరుగుతో పాటు దాని మీద మిగిలి ఉన్న బంగారు పూత కూడా పోయింది. అది ఎక్కడ దొరికిందో కూడా రాసిపెట్టుకోలేదు. ఇప్పటికీ ఆ డబ్బా తెరిచినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

ఆ తరువాతి నుంచి ప్రతి వస్తువుకూ చోటు, లోతు, పక్కన ఏముందీ రాసుకుంటున్నాను. ఆ వివరాలకు ఎంత బలముందో, 1876లో అమెరికా సైన్యానికీ అక్కడి ఆదివాసులకూ యుద్ధం జరిగిన లిటిల్ బిగ్‌హార్న్‌లో తెలిసింది. 1983లో గడ్డి తగలబడి ఆ యుద్ధభూమి బయటపడ్డాక, మరుసటి ఏడు పురావస్తు శాస్త్రజ్ఞులు డిటెక్టర్లు పట్టిన స్వచ్ఛంద కార్యకర్తలను వరుసలో నడిపించి, తుపాకీ పేలాక మిగిలే లోహపు తోటా గొట్టం దొరికిన ప్రతిచోటా జెండా పాతించారు. గొట్టాల మీద తుపాకీ సూది కొట్టిన గుర్తులను పోల్చి, ఒక్కొక్క తుపాకీ పొలంలో ఎటు నుంచి ఎటు కదిలిందో చెప్పగలిగారు. అవే గొట్టాలు ఎవరి సంచిలోనో కలిసిపోయి ఉంటే ఉత్త లోహపు ముక్కలే.

ఒక హెచ్చరిక కూడా రాయాలి. ఫిరంగి గుండు లాంటిది తగిలితే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పాలి. 2008లో ఈ వర్జీనియాలోనే, ఎంతో అనుభవం ఉన్న ఒక సేకర్త పాత ఫిరంగి గుండును శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయారు. లోపలి పేలుడు మందు ఇన్నేళ్లయినా చావదు.

ఆ రాత్రి గొల్లప్రోలుకు ఫోన్ చేసి నాన్నకు ఫొటోలు చూపించాను. మన దగ్గర ఇలా వెతకడం కుదరదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దొరికిన పది రూపాయలకు మించిన దేన్నైనా కలెక్టరుకు తెలియజేయాలి. గుప్తనిధుల పేరుతో గుళ్లను పెకలించేవాళ్లను చూస్తుంటే ఆ కట్టడి అవసరమేననిపిస్తుంది. కానీ మా ఊరి పక్కనే ఉన్న చందుర్తిలో 1758లో ఆంగ్లేయుల కర్నల్ ఫోర్డూ విజయనగరం ఆనంద గజపతిరాజూ కలిసి ఫ్రెంచివారిని ఓడించారు. ఉత్తర సర్కారులు ఆంగ్లేయుల చేతికి పోవడానికి దారి వేసిన యుద్ధం అది. ఆ చేలను కూడా లిటిల్ బిగ్‌హార్న్‌లో చేసినట్టు శాస్త్రీయంగా, అనుమతితో, ఒకసారి నడిచి చూడాలని నా కోరిక.

"ఎంత లోతులో ఉందిరా అది?" అని అడిగారు నాన్న.

"ఎనిమిది అంగుళాలు, నాన్నా."

"అంతే కదా. నాగలి దిగే లోతే. మీ తాత చందుర్తి చేలో దున్నుతుంటే ఒక ఇనుప గుండు తగిలింది. కొబ్బరికాయంత ఉండేది. మీ నాయనమ్మ దాన్ని పచ్చళ్ల జాడీ మూత మీద బరువుగా పెట్టుకునేది."

నేను ఆ గుండు ఇప్పుడెక్కడుందని అడిగాను. ఇల్లు మార్చినప్పుడు పాత ఇనుప సామానుతో పాటు పోయిందన్నారు. ఏ చేలో దొరికిందని అడిగాను. నాన్న కాసేపు ఆలోచించి, చింతచెట్టు పక్క చెక్కలోనో, చెరువు కింది చెక్కలోనో అన్నారు. రెండింటినీ నోటు పుస్తకంలో గీసుకుని, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. ఆ రోజుల్లో తాతతో పాటు అరక దున్నిన ఆయన ఇంకా ఊళ్లోనే ఉన్నాడట, రేపు పొద్దున్నే వెళ్లి అడిగి వస్తానని నాన్న చెప్పారు.