డ్రిల్ మాస్టారి పాత బంతులు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మనం కలిసి చదివిన బడి అనగానే మనలో చాలామందికి తెలుగు మాస్టారో లెక్కల మాస్టారో గుర్తొస్తారు. నాకు డ్రిల్ మాస్టారే. ఇప్పుడు విశాఖలో చిన్నపిల్లలకి టెన్నిస్ నేర్పుతున్నానంటే ఆయన చలవే.

మన గ్రౌండులో కోర్టు లేదు, నెట్ లేదు. ఊళ్లో పెద్దవాళ్లు ఆడి పక్కన పడేసిన బంతులు ఆయన అడిగి తెచ్చేవారు. నూగు ఊడిపోయి పెద్దగా ఎగిరేవి కావు. చిన్నపిల్లలకి అలాంటివే కావాలి. కొత్త బంతయితే ఆరేళ్ల పిల్లాడి తల దాటిపోతుంది, ఇంక వాడు కొట్టేదెక్కడ? అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2007లో మొదలుపెట్టిన పద్ధతిలో మొదట ఇచ్చేది ఎర్ర బంతి. మామూలు దానికన్నా 75 శాతం నెమ్మది. కోర్టు కూడా 23.77 మీటర్లు కాదు, 11, 12 మీటర్లు చాలు. 2012 నుంచి పదేళ్లలోపు పిల్లల పోటీల్లో మామూలు పసుపు బంతి వాడకూడదని రూలే పెట్టారు.

రాకెట్ ముట్టుకోనిచ్చే ముందు మాస్టారు ఆడించిన ఆటలే నేనూ ఆడిస్తున్నాను. చెరో చేతిలో బంతి పట్టుకుని, చేతులు భుజాల ఎత్తున చాచి నిలబడేవారు. మనం నాలుగడుగుల దూరంలో. ఏది వదులుతారో తెలీదు. వదిలిన బంతి రెండోసారి నేలకి తగిలేలోపు పట్టుకోవాలి. అందరం ఆయన కళ్లలోకే చూసేవాళ్లం. "నా మొహంలో ఏముందిరా, బంతి చూడు!" అని కేకేసేవారు. మడమలు ఆనించి నిలబడ్డవాడికి బంతి దొరకదు, మునివేళ్ల మీద ఉన్నవాడికి దొరుకుతుంది. ఎదుటివాడు కొట్టే క్షణంలో చిన్న గెంతు వేసి సిద్ధంగా ఉండే స్ప్లిట్ స్టెప్ నేర్పేటప్పుడు నాకు ఇదే పనికొస్తోంది.

పరీక్ష అట్ట మీద బంతి నిలిపి సున్నం గీత వెంట నడవడం ఇంకో ఆట. బంతి నేలకేసి కొట్టి, అది పైకొచ్చేలోపు చప్పట్లు కొట్టి పట్టుకోవడం మరొకటి. ఒరియా పిల్లలు ఎకొ, దుయి, తిని అని లెక్కపెడుతుంటే మనమూ వాళ్లతో గొంతు కలిపేవాళ్లం. రాని పిల్లలని మాస్టారు ఎప్పుడూ పక్కన కూర్చోబెట్టలేదు. ఒక చప్పట తగ్గించేవారు, అంతే. నేర్పేవాళ్లకి ఇంతకన్నా ముఖ్యమైన విద్య లేదని నా నమ్మకం.

ఈసారి మన పాత విద్యార్థులం కలిసేటప్పుడు మీ ఇళ్లలో పాత టెన్నిస్ బంతులుంటే తీసుకురండి. బడి పిల్లల కోసం 19, 21 అంగుళాల చిన్న రాకెట్లు నేను తెస్తాను.