పాకాల నీళ్లు, మూడు సీసాలు

మే నెలలో పాకాల చెరువుకు పోయినప్పుడు కట్ట దిగి నీళ్లలో చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది. తీసి చూస్తే గోళ్ల సందుల్లో సన్నటి పచ్చ నలక. మొన్న డిసెంబర్‌లో మళ్లీ అదే చోట కూర్చున్నాను. ఈసారి నీళ్ల అడుగున గులకరాళ్లు లెక్కపెట్టుకోవచ్చు. మధ్యలో జులైలో ఒకసారి వచ్చినప్పుడు నీళ్లు చిక్కటి టీ రంగులో ఉన్నాయి. మూడుసార్లూ ఒక్కో సీసా పట్టుకున్నాను.

హనుమకొండలో పొద్దున ఆరింటికి బయలుదేరాం, నేనూ మా బావా. బావ కాలేజీలో జువాలజీ చెప్తాడు. నర్సంపేటలో ఇడ్లీ తిని ఖానాపురం దారి పట్టేసరికి పొగమంచు ఇంకా విడలేదు. పత్తి ఏరడానికి పోయే కూలీల ఆటోలు ఎదురయ్యాయి. ఆ తర్వాత అంతా అడవే.

గణపతిదేవుని కాలంలో జగదాల ముమ్మడి కట్టించిన చెరువు ఇది. గుట్టల మధ్య కట్ట పోసి, అడవి నుంచి వచ్చే వాగును ఆపారు. రామప్ప గుడి శాసనంలో ఉన్న 1213వ సంవత్సరమే దీనికీ చెప్తారు. ఎనిమిది వందల ఏళ్లుగా ప్రతి వానకాలం కొత్త నీళ్లు తాగుతూనే ఉంది.

బావ ఒక పాత స్టీలు మూతకు నలుపు, తెలుపు పెయింట్ వేసి, జానకో ముడి వేసిన తాడు కట్టి తెచ్చాడు. 1865లో సెక్కి అనే ఇటలీ ఫాదరీ మొదలుపెట్టిన పద్ధతి. పళ్లెం ఎంత లోతులో కనిపించకుండా పోతే నీళ్లు అంత తేట. చేపలు పట్టే ఒక కాక తన తెప్ప మీద ఎక్కించుకున్నాడు. మే నెలలో రెండో ముడి నీళ్లలో మునగకముందే పళ్లెం మాయమైంది. జులైలో అయితే మొదటి ముడి కూడా మునగలేదు. ఇప్పుడు ఒకటి, రెండు, మూడు... ఆరో ముడి దాకా తెల్లటి ముక్క మెరుస్తూనే ఉంది. ఏడో ముడికి మసకబారింది.

"ఎండకాలం తెల్లారకముందు రావాలె బిడ్డా. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తయి," అన్నాడు కాక.

ఎందుకో బావ చెప్పాడు. లీటరు నీటిలో 20 డిగ్రీల దగ్గర సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది, 30 డిగ్రీలకు ఏడున్నరే. ఎండకు నీళ్లు తగ్గి, ఉన్న లవణాలు చిక్కబడతాయి, నాచు పెరుగుతుంది. పగలు ఆ నాచే ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా అదే వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చేపకు ఊపిరాడదు. నాలుగు రోజులు మబ్బు పట్టిందా, ఇంకా టెన్షన్. వాన మొదలయ్యాక చేల మట్టి, ఎరువు కలిసి వస్తాయి. మట్టి వల్ల వెలుతురు లోపలికి దిగదు కాబట్టి నాచు కొన్నాళ్లు ఆగుతుంది. మట్టి పేరుకున్నాక ఆ ఎరువే దానికి మేత. చలికాలం పై నీళ్లు చల్లబడి, బరువెక్కి కిందికి దిగుతాయి, అడుగు నీళ్లు పైకొస్తాయి. చెరువంతా ఒకసారి కలియబెట్టినట్టు, కింది బురదకు కూడా గాలి అందుతుంది.

డిసెంబర్‌లో వచ్చి ఫోటో దిగి "ఎంత మంచి నీళ్లో" అనే వాళ్లది తప్పేం కాదు. కానీ ఏడాదికి ఒక్కసారి నీళ్లు పట్టి పరీక్ష చేసి, చెరువు బాగుందనో పాడైందనో రాసేస్తే మాత్రం నాకు బాధేస్తుంది. ఏ కార్తెలో పట్టారో రాయని రిపోర్టు ఎవరికి పనికొస్తుంది? మా భద్రకాళి చెరువు సంగతి ఇంకా కష్టం. ఊరి మురుగు పన్నెండు నెలలూ వచ్చి పడితే చెరువుకు కాలాలే ఉండవు, ఎప్పుడు చూసినా గుర్రపు డెక్కే. 2024 నవంబర్‌లో పూడిక తీయడానికి నీళ్లు వదిలేసినప్పుడు ఆ నల్లటి బురద చూసి చాలాసేపు కట్ట మీదే నిలబడిపోయాను.

ఒడ్డుకు వచ్చాక సంచిలోంచి పాత సీసాలు తీసి కాకకు చూపించాను. మే సీసాలో నాచు చచ్చి అడుగున గోధుమరంగు పొర పట్టింది. జులై సీసా అడుగున వేలెడు ఎర్రమట్టి. కాక దాన్ని ఒకసారి తిప్పాడు, మట్టి పొగలా లేచింది.

"ఇది ఆషాఢం నీళ్లు. చెలకలు దున్నినంక పడ్డ వానవి. అప్పటికింక మత్తడి పడలె," అన్నాడు. మత్తడి అంటే చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే చోటు. నేను తేదీ చెప్పనే లేదు.

సీసాలు వరసగా రాతి మీద పెట్టి, రెండోదానికీ మూడోదానికీ మధ్య ఉన్న ఖాళీలో వేలు పెట్టాడు. "గీడ ఒకటి తక్కువున్నది. మత్తడి దుంకిననాడు రావాలె."

ఆ రోజు ఫోన్ చెయ్యమని నా నంబర్ ఇచ్చి వచ్చాను.