బండి ఎలా నడుస్తోంది?

ఆదివారం ఫోన్లో నాన్న ఎప్పటిలాగే, "ఏమ్మా, బండి ఎలా నడుస్తోంది?" అన్నారు. "ఏదో లాగించేస్తున్నాం నాన్నా" అన్నాను. పక్కన బొమ్మలు గీసుకుంటున్న మా ఎనిమిదేళ్ళవాడు తలెత్తి, "తాతయ్యా, మన కారు బాగానే ఉంది, అమ్మ అబద్ధం చెప్తోంది" అన్నాడు. నాన్న పడీపడీ నవ్వారు. నేను నవ్వలేకపోయాను, బండి అంటే కారు అని వాడికి చెప్పింది నేనే మరి.

అక్కడితో ఊరుకోవచ్చు కదా. ఫోన్ పెట్టేసి పాఠం మొదలుపెట్టాను. ఎడ్లు లాగేదీ బండే, పొగబండీ బండే, "బండి తియ్" అంటే మోటార్‌సైకిల్, "అయిదింటి బండికి వస్తా" అంటే రైలో బస్సో ఆ ఊరినిబట్టి తెలియాలి, బండెడు పుస్తకాలంటే బోలెడు, ఇక తాతయ్య అడిగింది సంసారం గురించి. ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అనేదాకా వెళ్ళేసరికి వాడు ఆపేశాడు. "మొన్న బళ్ళంటే స్కూళ్ళన్నావుగా?"

అన్నాను. బడికీ బండికీ బహువచనం బళ్ళే అయితే నేనేం చెయ్యను! "ముందు నువ్వు ఒక అర్థం ఫిక్స్ చెయ్యి, అప్పుడు నేర్చుకుంటా" అని లేచి వెళ్ళిపోయాడు.

నా మొండితనం కూడా చెప్పుకోవాలి. తెలుగు క్లాసులో ఱ వదిలేశారని నేనే గొడవ చేశాను. దాన్ని బండి ఱ అంటారు, పండితులు శకటరేఫం అంటారు, శకటమన్నా బండే, అంత చక్కటి అక్షరాన్ని ఎలా వదిలేస్తారు అని. టీచరుగారు ఓపిగ్గా, "సరేనండీ, అది వచ్చే మాటలు ఓ పది చెప్పండి, నేర్పిస్తాను" అన్నారు. గుఱ్ఱం, గొఱ్ఱె, ఎఱుపు... అక్కడ ఆగింది నా బండి. అసలు నేనెప్పుడూ గుర్రమనే రాశాను.

ఇంట్లో తెలుగే మాట్లాడండి, అదే వస్తుంది అని తోటి అమ్మలకి సలహాలిచ్చేదాన్ని. కానీ నాకు బండికి అర్థాలు ఎవరు చెప్పారు? రాత్రి సందు మలుపులో స్కూటర్ చప్పుడు వినగానే అన్నయ్య "బండొచ్చింది!" అనేవాడు, ఇద్దరం టీవీ కట్టేసి పుస్తకాలు తెరిచేవాళ్ళం, ఒక్కోసారి తలకిందులుగా. బండొచ్చిందంటే నాన్నొచ్చారని. మావాడికీ అలాంటి చప్పుడు ఒకటుంది, గరాజ్ తలుపుది. అది వినగానే ఐప్యాడ్ దిండు కిందికి పోతుందని నాకు తెలుసు. ఆ చప్పుడుని వాడు మనసులో ఏ మాటతో అనుకుంటాడో నేనెప్పుడూ అడగలేదు.

ఇంత చెప్పి, పొద్దున్నే నేను అరిచేది "కారెక్కు, లేటవుతోంది" అనే. ఇవాళ వాడు బూట్ల లేసు కట్టుకుంటూ, "కారా, బండా?" అన్నాడు. వెటకారమో, నిజంగా అడిగాడో తెలీలేదు.

"ఏదో ఒకటి, ముందు ఎక్కు" అన్నాను.